సిలిండర్ హెడ్ పోర్టింగ్: గీకాల్సింది ఎక్కడ, చెయ్యి ఆపాల్సింది ఎక్కడ

ఇంజన్ సిలిండర్ల పైన మూతలా బిగించి ఉండేది సిలిండర్ హెడ్. అందులో గాలి వచ్చే, పొగ పోయే దారులే పోర్టులు; వాటిని గీకి సరిచేయడమే పోర్టింగ్. ఆ హెడ్‌ను విప్పి, వాల్వులు తీసేసి, బల్ల మీద తలకిందులుగా పెట్టండి. గాలిని లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వు కూర్చునే రంధ్రంలోకి చూపుడు వేలు పోనిచ్చి గోడ వెంట మెల్లగా జరిపితే, ఒకే రంధ్రంలో మూడు రకాల ఉపరితలం తగులుతుంది. మొదట నున్నటి ఉంగరం. అది వాల్వు సీటు, మూసుకున్న వాల్వు ఆనే చోటు. దాని కింద కాస్త దూరం కట్టర్ తిరిగిన గీతలు. ఆ తర్వాత ఉన్నట్టుండి గోటికి ఒక పదునైన అంచు తగులుతుంది. అక్కడి నుంచి అంతా ఇసుక చల్లినట్టు గరుకుగా ఉండే పోత. ఆ అంచు ఎత్తు ఒక్కోసారి అర మిల్లీమీటరు కూడా ఉండదు. కానీ ఇంట్లో చేసే పోర్టింగ్‌లో వచ్చే లాభంలో పెద్ద వాటా ఆ అంచు చుట్టూ రెండు వేళ్ల మందం మేరలోనే ఉంది.

అది ఎవరి పొరపాటూ కాదు. పోర్టు ఆకారం ఇసుక అచ్చుతో పోతలో వస్తుంది. వాల్వు సీటు, దాని కింది గొంతు మాత్రం తర్వాత మిషన్ మీద, కింది నుంచి కట్టర్ పెట్టి తొలుస్తారు. పోతలో అచ్చు ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగినా కట్టర్ మాత్రం గీసిన గీత మీదే నడుస్తుంది. రెండూ కలిసేచోట మెట్టు మిగిలిపోతుంది. వేల సంఖ్యలో హెడ్‌లు తయారయ్యే చోట ఒక్కోదాన్నీ చేత్తో సాపు చేసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఒకే హెడ్‌లో ఒక పోర్టులో ఈ మెట్టు ఎడమ పక్కన ఉంటే, పక్క పోర్టులో కుడి పక్కన ఉంటుంది. నాలుగు సిలిండర్లూ సమానంగా ఊపిరి తీసుకోకపోవడానికి ఇదొక కారణం.

విచిత్రం ఏమిటంటే, మొదటిసారి గ్రైండర్ పట్టుకున్నవాళ్లలో చాలామంది అసలు ఈ జోలికే రారు. రెండో వైపు నుంచి, అంటే గాలిని సిలిండర్లకు పంచే గొట్టాలు, మానిఫోల్డు, బిగించే ముఖం నుంచి మొదలుపెడతారు. కంటికి కనిపించేది అదే, చెయ్యి తేలిగ్గా అందేదీ అదే. అక్కడ రంధ్రాన్ని గ్యాస్కెట్ (రెండు భాగాల మధ్య పెట్టే పలచటి బిళ్ల) సైజు దాకా వెడల్పు చేసి, లోపల అద్దంలా మెరిపించి ఫోటో తీస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంజన్ మాత్రం కింది స్పీడ్‌లో మునుపటి కన్నా మందగిస్తుంది.

ఇక్కడ మాట్లాడుకునేదంతా ఫోర్ స్ట్రోక్ ఇంజన్ల గురించి. టూ స్ట్రోక్‌లో పోర్టులంటే సిలిండర్ గోడకు ఉన్న కిటికీలు. వాటిని గీకితే ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అనేదే మారిపోతుంది. పేరు ఒకటే గానీ అది వేరే విద్య.

గాలికి దొరికే టైము

1600 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజన్ అనుకుందాం. ఒక్కో సిలిండర్ 400 సీసీ. 6000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఒక చుట్టు తిరగడానికి పట్టేది సెకనులో వందో వంతు. పిస్టన్ పై నుంచి కిందికి దిగేది అందులో సగం, అంటే 5 మిల్లీసెకన్లు. కనురెప్ప ఒకసారి వాల్చి ఎత్తేలోగా ఇలాంటివి 20 పట్టేస్తాయి. ఆ 5 మిల్లీసెకన్లలో 400 సీసీ గాలి ఒక్క పోర్టులోంచి దూరాలి. పోర్టు వ్యాసం 32 మి.మీ. అయితే దాని అడ్డుకోత సుమారు 8 చదరపు సెంటీమీటర్లు. లెక్క వేస్తే లోపల గాలి సగటు వేగం సెకనుకు దాదాపు 100 మీటర్లు వస్తుంది. ఇది సగటే. పిస్టన్ స్ట్రోక్ మధ్యలో జోరుగా దిగుతున్నప్పుడు ఇంకా ఎక్కువ.

ఈ వేగాన్ని శత్రువుగా చూడటం దగ్గరే లెక్క తప్పుతుంది. రంధ్రం పెద్దదైతే గాలి తేలిగ్గా పోతుంది కదా అనిపిస్తుంది. గాలి కుళాయిలో నీళ్లలా ఎడతెగకుండా పారితే ఆ మాట నిజమే. కానీ ఇంజన్‌లో ప్రతి రెండు చుట్లకూ ఒకసారి ప్రవాహం మొదలై, ఊపందుకుని, ఆగిపోతుంది. గాలికి బరువుంది. ఊపు మీదున్న గాలి పిస్టన్ ఆగినా తను వెంటనే ఆగదు. ఇన్‌లెట్ వాల్వును పిస్టన్ అడుగుకు చేరగానే మూసేయకుండా, ఆ తర్వాత క్రాంక్ ఇంకో 40 నుంచి 60 డిగ్రీలు తిరిగేదాకా తెరిచి ఉంచేది ఇందుకే. పిస్టన్ మళ్లీ పైకి లేస్తున్నా, వెనకాల తోసుకొస్తున్న గాలి తన జోరుతో ఇంకొంచెం లోపలికి దూరుతుంది. మామూలు ఇంజన్లు తమ సిలిండర్ పట్టేదానిలో 80 నుంచి 90 శాతం దాకా గాలి నింపుకుంటే, రేస్ ఇంజన్లు కొన్ని స్పీడ్‌ల దగ్గర నూరు శాతం దాటి నింపుకోగలిగేది ఈ జోరునూ, పైపుల్లో తిరిగే ఒత్తిడి అలలనూ వాడుకునే.

ఇప్పుడు అదే పోర్టును 36 మి.మీ. చేశారనుకుందాం. పెరిగింది నాలుగే మిల్లీమీటర్లు. కానీ వేగం సెకనుకు 79 మీటర్లకు పడిపోతుంది. గాలి ఆగినప్పుడు ఒత్తిడిగా మారగల శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 38 శాతం దాకా తగ్గుతుంది. ఇంజన్ 2500 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్నప్పుడు మొదటి పోర్టులో వేగం 41 మీటర్లు ఉంటే రెండోదానిలో 33. అసలే మందంగా ఉన్న గాలి ఇంకా మందగించింది. లేచే పిస్టన్ దాన్ని వచ్చిన దారినే వెనక్కి నెట్టేస్తుంది. కార్బురేటర్ ఉన్న ఇంజన్ అయితే పెట్రోల్ తుంపర గాలితో పోకుండా గోడకు అంటుకుని కారుతుంది. బండి నడిపేవాళ్లు దీన్నే పికప్ పోయిందంటారు.

అలాగని చిన్న పోర్టు ఎప్పుడూ మంచిదే అనీ కాదు. ఎంఐటీలో ఇంజన్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఫయెట్ టేలర్ ఇన్‌లెట్ వాల్వు దగ్గరి గాలి వేగాన్ని శబ్ద వేగంతో పోల్చి ఒక సూచిక తయారుచేశారు. అది సుమారు 0.6 దాటాక సిలిండర్ నిండటం గబగబా పడిపోతుందని ఆ పరీక్షలు చూపించాయి. అంటే పైన ఒక కప్పు ఉంది, కింద ఒక నేల ఉంది. ఫలానా ఇంజన్ ఎక్కువసేపు ఏ ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుందో చెప్పకుండా పోర్టు ఎంత ఉండాలని అడిగితే ఆ ప్రశ్నకు జవాబు లేదు. ట్రాక్ మీద 8000 దగ్గర బతికే ఇంజన్‌కు తగిన పోర్టును రోజూ ట్రాఫిక్‌లో 3000 దాటని బండికి పెడితే, ఏడాది పొడవునా నష్టపోయి ఎప్పుడో ఒక్క రోజు లాభపడటమే.

అసలు ఇరుకు

గాలి దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు పోర్టు నోరు కాదు, వాల్వు. వాల్వు తెరుచుకున్నప్పుడు గాలి దాని చుట్టూ ఉన్న సందులోంచి దూరాలి. ఆ సందు వైశాల్యం వాల్వు చుట్టుకొలతను లిఫ్ట్‌తో, అంటే వాల్వు సీటు నుంచి లేచిన దూరంతో, గుణిస్తే వస్తుంది. 36 మి.మీ. వాల్వు 9 మి.మీ. లేచినప్పుడు ఆ సందు సరిగ్గా వాల్వు ముఖం వైశాల్యంతో సమానమవుతుంది: రెండూ 1018 చదరపు మిల్లీమీటర్లు. ఏ సైజు వాల్వు అయినా ఇంతే. వ్యాసంలో నాలుగో వంతు లేచేవరకూ అడ్డు వాల్వు సందుది, ఆ తర్వాతే పోర్టుది.

దీనికి తోడు వాల్వు ఒక్క గంతులో తెరుచుకోదు. సున్నా నుంచి పైకి, మళ్లీ సున్నాకు. చిన్న లిఫ్ట్‌ల మీదుగా అది రెండుసార్లు వెళ్తుంది, పూర్తి లిఫ్ట్‌ను ఒక్కసారే తాకుతుంది. చిన్న లిఫ్ట్‌లో గాలి ఎంత పోతుందో తేల్చేది సీటు ఆకారం. అందుకే సీటును ఒక్క 45 డిగ్రీల కోతతో వదిలేయకుండా, దాని పైన 30 డిగ్రీలు, కింద 60 డిగ్రీలు కోస్తారు. గాలికి ఒక్క పెద్ద మూల బదులు మూడు చిన్న మలుపులు ఎదురవుతాయి. ఈ పని గ్రైండర్‌తో అయ్యేది కాదు. వాల్వు కాడ జారే గొట్టాన్ని, అంటే వాల్వు గైడును, ఆధారం చేసుకుని తిరిగే సీటు కట్టర్ కావాలి. సీటు గైడుతో ఒకే కేంద్రంలో లేకపోతే వాల్వు సీల్ కాదు. ఇంట్లో ఎంత పని చేసినా ఈ ఒక్కటి మిషన్ షాపుకు ఇవ్వడమే తెలివైన పని. ఆ ఖర్చుకు వచ్చే ఫలితం మిగతా ఏ పనికీ రాదని కూడా చెప్పొచ్చు.

సీటు కింద గొంతు ఉంటుంది. దాని వ్యాసం వాల్వు వ్యాసంలో 85 నుంచి 90 శాతం మధ్య ఉంటే బాగుంటుందని అనుభవజ్ఞుల మాట. 36 మి.మీ. వాల్వుకు సుమారు 31 నుంచి 32. అంతకు మించి తోడితే సీటు కింద కోణానికి చోటు మిగలదు, గాలి మలుపు తిరగాల్సిన అంచు మాయమవుతుంది.

గొంతు కింద గిన్నెలా వెడల్పయ్యే భాగం, దాని మధ్యలోకి పొడుచుకొచ్చిన వాల్వు గైడు, దాన్ని పట్టుకున్న పోత దిమ్మ. ఈ దిమ్మ చాలా హెడ్‌లలో మొద్దుగా, గాలికి ఎదురు నిలబడ్డట్టు ఉంటుంది. దాన్ని పూర్తిగా ఎగరగొట్టాలన్న ఆత్రం అందరికీ కలుగుతుంది. కానీ గైడు వాల్వును నిటారుగా నిలబెడుతుంది, వాల్వు కాడ నుంచి వేడిని హెడ్‌లోకి లాగుతుంది. గైడును పొట్టి చేస్తే వాల్వు ఊగుతుంది, త్వరగా అరుగుతుంది. దిమ్మ పక్కలను సన్నం చేసి, ముందూ వెనకా పడవ ఆకారంలో తీర్చడం దగ్గర ఆగడం మంచిది.

ఇక లోపలి మలుపు. పోర్టు అడ్డంగా వచ్చి కిందికి తిరిగేచోట, నేల వైపు ఉన్న పొట్టి వంపు అది. పని మొత్తంలో కష్టమైన చోటు ఇదే. సెకనుకు 100 మీటర్ల వేగంతో వస్తున్న గాలి ఆ మూల తిరగలేక గోడను వదిలేస్తుంది. వదిలేసిన చోట సుడులు లేస్తాయి. ఆ సుడుల మేర పోర్టు ఉన్నా లేనట్టే. గాలిలో ఎక్కువ భాగం పై కప్పు వెంట పోయి, వాల్వు అవతలి పక్క నుంచే దిగుతుంది. పోర్టు నేలను గీకి లోతు చేసే కొద్దీ ఈ మలుపు ఇంకా మూలగా మారుతుంది. నేలను ముట్టకుండా మలుపు అంచును మాత్రం గుండ్రం చేస్తే పరిస్థితి మెరుగుపడుతుంది. అక్కడ తీయాల్సిన లోహం చాలా తక్కువ, తీసే తీరు మాత్రం చాలా ముఖ్యం. మొదటి హెడ్ మీదే దీన్ని సాధించినవాళ్లు అరుదు.

కంటితో కాదు, కొలతతో

పోర్టింగ్ చరిత్రను మార్చింది గ్రైండర్ కాదు, గాలిని కొలిచే పరికరం. బ్రిటన్‌కు చెందిన హ్యారీ వెస్లేక్ 1920లలోనే హెడ్‌లోంచి గాలి ఎంత పోతుందో కొలుస్తూ పనిచేశారు. 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్ హెడ్‌లో ఇన్‌లెట్ పోర్టును కొంచెం వంకరగా తీర్చి, గాలి సిలిండర్‌లో సుడి తిరుగుతూ దిగేలా చేసిందీ ఈయన సలహాతోనే. తిన్నగా ఉంటే గాలి ఎక్కువ పోయేదేమో. కానీ సుడి తిరిగే గాలిలో పెట్రోల్ బాగా కలిసి, మంట వేగంగా పాకుతుంది. 1967లో కీత్ డక్‌వర్త్ తీర్చిదిద్దిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ అనే ఫార్ములా వన్ రేస్ ఇంజన్ దీనికి ఇంకో పార్శ్వం. వాల్వుల మధ్య కోణాన్ని 32 డిగ్రీలకు కుదించి, దహన గదిని చదునుగా చేసి, గాలి పీపాలా దొర్లుతూ లోపలికి వచ్చేలా చూశారు. ఆ ఇంజన్ పాల్గొన్న మొదటి రేసులోనే, నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో డ్రైవర్ జిమ్ క్లార్క్ చేతుల్లో గెలిచింది. ఎంత గాలి అన్నదొకటే కాదు, ఎలా దిగింది అన్నదీ లెక్కే. ఈ సంగతి తెలియకుండా పోర్టులోని వంపులన్నీ సాపు చేసేస్తే ఫ్యాక్టరీ ఇంజనీర్లు కావాలని పెట్టిన సుడి పోవచ్చు. అప్పుడు గాలి పెరిగినా మంట నెమ్మదిస్తుంది.

ప్రొఫెషనల్ షాపుల్లో గాలిని కొలిచే ఈ పరికరాలు, ఫ్లో బెంచ్‌లు, 28 అంగుళాల నీటిమట్టపు ఒత్తిడి దగ్గర కొలుస్తాయి. ఇంట్లో పాత వాక్యూమ్ క్లీనర్ మోటార్లు, చెక్క పెట్టె, నీళ్లు పోసిన యూ ఆకారపు పారదర్శక గొట్టంతో చిన్న బెంచ్ కట్టుకోవచ్చు. అంత ఒత్తిడి రాదు, వచ్చినదానితోనే సరిపెట్టుకోవాలి. 10 అంగుళాల దగ్గర కొలిచినదాన్ని 28కి మార్చాలంటే ఒత్తిళ్ల నిష్పత్తికి వర్గమూలం, అంటే 1.67తో గుణిస్తే సరి. అయితే ఆ అంకెను ఎక్కడో అచ్చయిన అంకెలతో పోల్చుకుని మురిసిపోవడానికి గానీ, బాధపడటానికి గానీ అర్థం లేదు. ఇంటి బెంచ్ ఉపయోగం ఒక్కటే: అదే పోర్టు, అదే లిఫ్ట్, అదే ఒత్తిడి, గీకకముందు ఎంత, గీకాక ఎంత. పోర్టు నోటికి మట్టిముద్దతో గుండ్రటి అంచు పెట్టకుండా కొలిస్తే మాత్రం ఆ అంకె కూడా అబద్ధం చెబుతుంది. పదునైన అంచు దగ్గరే గాలి చెదిరిపోతుంది కాబట్టి.

బెంచ్ నడుస్తుండగా చెవి పెట్టి వింటే ఒక విషయం తెలుస్తుంది. లిఫ్ట్ పెంచుతూ పోతుంటే ఒక చోట దాకా సుయ్యిమని సాఫీగా వచ్చే శబ్దం ఉన్నట్టుండి గరగరగా మారుతుంది. లోపలి మలుపు దగ్గర గాలి గోడను వదిలేసిన క్షణం అది. సన్నటి తీగ చివర దారప్పోగు కట్టి లోపలికి పెడితే అక్కడ దారం తిన్నగా నిలవకుండా కొట్టుకుంటుంది, కొన్నిసార్లు వెనక్కి కూడా తిరుగుతుంది.

బెంచ్ లేనివాళ్లకు కనీసం ద్రవం కొలిచి పోసే బ్యూరెట్, రంధ్రం వ్యాసం పట్టే టెలిస్కోపింగ్ గేజ్, వెర్నియర్ ఉండాలి. నాలుగు పోర్టులూ ఒకే వాల్యూమ్‌కు వచ్చాయా, గొంతులు ఒకే వ్యాసంలో ఉన్నాయా అన్నది వీటితో తేలుతుంది. ఒక పోర్టును అద్భుతంగా చేసి మిగతా మూడింటిని వదిలేయడం కన్నా, నాలుగింటినీ ఒక మోస్తరుగా, ఒకేలా చేయడం ఇంజన్‌కు మేలు.

బర్ లోపలికి వెళ్లాక

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. స్పీడ్ తగ్గించుకునే వీలున్న డై గ్రైండర్, పొడుగు కాడ ఉన్న కార్బైడ్ బర్‌లు (తిరుగుతూ లోహాన్ని కోసే పళ్ల ముక్కలు), గరుకు కాగితం చుట్టలు. అల్యూమినియంకు వెడల్పు గాళ్లున్న బర్ కావాలి. పోత ఇనుముకు వాడే సన్న పళ్ల బర్‌ను అల్యూమినియంలో పెడితే రెండు నిమిషాల్లో లోహం పళ్ల మధ్య మెత్తి, కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది. మధ్యమధ్యలో బర్‌కు మైనం పూస్తే ఈ బెడద తగ్గుతుంది. పొడుగు కాడ బర్‌ను ఖాళీ గాలిలో పూర్తి స్పీడ్‌లో తిప్పకూడదు. కాడ వంగిపోయి కొరడాలా కొడుతుంది. పోర్టు లోపల పెట్టాకే స్విచ్ వేయాలి, ఆగాకే బయటికి తీయాలి. బర్ నుంచి వచ్చే లోహపు ముక్కలు సూదుల్లా ఉంటాయి. కళ్లద్దాలు, మాస్కు, చెవులకు రక్షణ లేకుండా పని మొదలుపెడితే మొదటి అరగంటలోనే పశ్చాత్తాపం.

అల్యూమినియంలో బర్ వెన్నలో కత్తి దిగినట్టు దిగుతుంది, ప్రమాదమంతా అందులోనే ఉంది. చెయ్యి ఒక్క చోట క్షణం నిలిస్తే గుంట పడుతుంది. ఆ గుంటను సాపు చేయడానికి చుట్టూ గీకాలి, అలా గీకుతూ పోతే పోర్టు ఎంత పెరిగిందో చూసుకునేసరికి ఆలస్యమైపోతుంది. నొక్కకుండా, నిరంతరం జరుపుతూ, పోర్టు పొడవు వెంట తేలిగ్గా లాగాలి. బర్ ఎగిరెగిరి పడుతూ గోడ మీద అలల గీతలు పెడుతోందంటే స్పీడ్ గానీ, పట్టు గానీ సరిపోలేదని అర్థం.

మొదట చెప్పుకున్న అంచు దగ్గరికి వద్దాం. మార్కర్‌తో సీటుకూ, దాని కింద ఒక మిల్లీమీటరుకూ నల్ల రంగు పూయండి. ఆ రంగు దాటి బర్ రాకూడదన్నది హద్దు. బర్ సీటు మీదికి జారితే క్షణం కూడా పట్టదు గీత పడటానికి. ఆ గీత లోతును బట్టి సీటును మళ్లీ కోయించాలి, లోతెక్కువైతే కొత్త సీటు ఉంగరమే వేయించాలి. రంగు కింద నుంచి మొదలుపెట్టి, కట్టర్ గీతలూ పోతా కలిసే మెట్టును కొద్దికొద్దిగా తీస్తూ, ప్రతి నిమిషానికీ ఆపి వేలు పెట్టి చూడాలి. కన్ను మోసపోతుంది. లోహం మెరుస్తున్న కొద్దీ ఎగుడుదిగుళ్లు కనబడవు. వేలికి మాత్రం తెలుస్తుంది. మెట్టు ఎక్కడుందో గోరు పట్టుకోలేని స్థితికి వచ్చాక బర్ పక్కన పెట్టి, 80 నంబరు గరుకు కాగితం చుట్టతో గీతలు కలిపేస్తే ఆ పోర్టులో ముఖ్యమైన పని అయిపోయినట్టే. నిజానికి చాలా హెడ్‌లకు ఇంట్లో ఇంతవరకు చేసి ఆపేయడమే సరైన నిర్ణయం.

ఇంకా లోపలికి వెళ్లాలనుకునేవాళ్లు గోడ మందం గురించి ఆలోచించాలి. పోర్టు చుట్టూ నీటి జాకెట్, అంటే హెడ్‌ను చల్లబరిచే నీళ్ల దారి, తిరుగుతుంది. కొన్నిచోట్ల మధ్యలో ఉండే లోహం మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. పోతలో అచ్చు జరిగి ఉంటే ఒక పక్క అంతకన్నా పలచన. బయటి నుంచి చూస్తే ఏదీ తెలియదు. పాడైపోయిన అదే మోడల్ హెడ్ ఒకటి దొరికితే, దాన్ని రంపంతో అడ్డంగా కోయించి ఎక్కడ ఎంత మందం ఉందో చూసుకోవడం కన్నా మంచి పాఠం లేదు. గోడ పగిలి నీళ్ల దారి తెరుచుకుంటే అల్యూమినియం హెడ్‌కు వెల్డింగ్ చేయించవచ్చు గానీ, ఆ వేడికి హెడ్ వంకరపోయి ముఖం మళ్లీ సాపు చేయించాల్సి వస్తుంది. పోత ఇనుము అయితే చాలావరకు ఆశ వదులుకోవడమే.

మానిఫోల్డు ముఖం దగ్గర చేయాల్సింది వెడల్పు చేయడం కాదు, మెట్టు లేకుండా చూడటం. గాలి మానిఫోల్డు నుంచి హెడ్‌లోకి వస్తున్నప్పుడు హెడ్ అంచు లోపలికి పొడుచుకొచ్చి ఎదురుగా నిలబడితే నష్టం. హెడ్ రంధ్రమే కాస్త పెద్దదై, గాలి చిన్నదాని నుంచి పెద్దదానిలోకి దిగితే నష్టం తక్కువ. గ్యాస్కెట్‌ను కొలమానంగా పెట్టుకుంటే మాత్రం చెడిపోతారు. గ్యాస్కెట్ రంధ్రాన్ని బిగింపులో అటూ ఇటూ జరిగినా అడ్డం రాకుండా కావాలని పెద్దగా కోస్తారు. దాని సైజుకు పోర్టును పెంచడం అంటే ఫ్యాక్టరీ వాళ్లు వదిలిన వెసులుబాటును కొలత అనుకోవడం.

మెరుపు గురించి ఒక మాట. ఇన్‌లెట్ పోర్టును అద్దంలా పాలిష్ చేయడం శుద్ధ దండగ. గోడను ఆనుకుని ఉండే గాలి పొర ఎలాగూ నెమ్మదిగానే కదులుతుంది, దాని కింద గోడ ఎంత మెరిసినా పెద్ద తేడా రాదు. పైగా పెట్రోల్ పోర్టులోనే కలిసే ఇంజన్లలో కాస్త గరుకుతనం మేలు. గోడకు అంటిన తడి పొరను చెదరగొట్టి మళ్లీ గాలిలో కలుపుతుంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే కొత్త ఇంజన్లకు ఈ వాదన వర్తించదు. ఎగ్జాస్ట్ పోర్టును నున్నగా చేయడంలో మాత్రం కొంత అర్థం ఉంది. మసి తొందరగా పేరుకోదు.

ఎగ్జాస్ట్ దారి కథ కొంచెం వేరు. అక్కడ గాలిని లాగాల్సిన పని లేదు, వాల్వు తెరుచుకునేసరికే లోపల వాతావరణ పీడనానికి కొన్ని రెట్ల ఒత్తిడి ఉంటుంది. అందుకే ఎగ్జాస్ట్ వాల్వు చిన్నదిగా ఉన్నా సరిపోతుంది. పోర్టులోంచి పోయే ప్రవాహం ఇన్‌లెట్‌లో ముప్పావు వంతు ఉంటే చాలంటారు. అక్కడా దిమ్మనూ, లోపలి మలుపునూ సరిచేసి ఆపేయాలి. సీటును సన్నం చేయాలన్న ఆలోచన మాత్రం రానీయకూడదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు ద్వారానే వదిలించుకుంటుంది. ఆ సీటు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల వెడల్పు లేకపోతే వాల్వు అంచు కాలిపోతుంది.

దహన గది లెక్క

వాల్వు పక్కనే దహన గది గోడ మరీ దగ్గరగా ఉంటే గాలికి ఆ వైపు దారి మూసుకుపోతుంది. అక్కడ కొద్దిగా గీకడం మంచిదే. కానీ గదిలో తీసిన ప్రతి సీసీకీ లెక్క చెప్పాలి. మన 400 సీసీ సిలిండర్‌కు కంప్రెషన్ (పిస్టన్ అడుగున ఉన్నప్పటి మొత్తం చోటు, పైన ఉన్నప్పటి చోటుకు ఎన్ని రెట్లు అన్నది) 9 ఉండాలంటే పైన మిగిలే ఖాళీ 50 సీసీ. రెండు సీసీ గీకితే అది 52 అవుతుంది, కంప్రెషన్ 8.7కు పడుతుంది. పోర్టులో సంపాదించినదాన్ని ఇక్కడ పోగొట్టుకున్నట్టే. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి హెడ్ ముఖాన్ని తగినంత సాపు చేయించాలి. మరీ ఎక్కువ తీస్తే వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి, వాల్వులను తెరిచే క్యామ్ హెడ్‌లోనే ఉండే ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్లలో టైమింగ్ కూడా కొంచెం జరుగుతుంది. ఈ గదిలో పని చేసేటప్పుడు పాత వాల్వులను వాటి స్థానంలో కూర్చోబెడితే సీట్లు భద్రం, బర్ జారినా దెబ్బ పాత వాల్వు తింటుంది.

ఇంత చేసి ఎంత వస్తుందన్నది అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. పాత రెండు వాల్వుల హెడ్, మొరటు పోత అయితే తేడా సీట్లో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. కొత్త నాలుగు వాల్వుల హెడ్‌లలో పోర్టులను కంప్యూటర్‌లో గాలి ప్రవాహం లెక్కలు చూసి తీర్చి ఉంటారు. అక్కడ చేత్తో బాగుచేసే అవకాశం కన్నా చెడగొట్టే అవకాశమే ఎక్కువ. క్యామ్, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ ఇరుకుగా ఉంటే హెడ్‌ను ఎంత తెరిచినా గాలి అక్కడే ఆగుతుంది. గాలి నిజంగా పెరిగితే దానికి తగ్గ పెట్రోల్ కావాలి. కార్బురేటర్ అయితే పెట్రోల్‌ను కొలిచి వదిలే జెట్ మార్చాలి, ఫ్యూయల్ ఇంజెక్షన్ అయితే ట్యూనింగ్ చూపించాలి. మిశ్రమం పలచబడ్డ ఇంజన్ మొదట్లో చురుగ్గా అనిపించి, పూర్తి లోడ్ మీద పిస్టన్‌ను కరిగించుకున్న సందర్భాలు మెకానిక్‌లకు కొత్త కాదు. చాలా దేశాల్లో రోడ్డు మీద తిరిగే బండి ఇంజన్ మార్పులు పొగ నియమాల కిందికి వస్తాయి. అది ముందే చూసుకోవాల్సిన విషయం.

బిగించే ముందు కడగడం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. అల్యూమినియం పొడి కంటికి కనిపించని సందుల్లో, ముఖ్యంగా ఆయిల్ దారుల్లో దాక్కుంటుంది. ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లోనే ఆయిల్‌తో పాటు బేరింగులకు చేరుతుంది. వేడి సబ్బు నీళ్లు, సన్న బ్రష్‌లు, ఆ తర్వాత ప్రతి రంధ్రంలోకీ గాలి కొట్టడం. కడిగిన నీళ్లు తెల్ల పళ్లెంలో పట్టి వెలుతురులో వంచి చూస్తే మెరుపు రవ్వలు ఇంకా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. ఉంటే మళ్లీ కడగాలి. తర్వాత వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో సీట్లకు రుద్ది, ఆ పేస్టును కూడా ఆనవాలు లేకుండా తుడిచి, స్ప్రింగులు బిగించాలి. ఇక హెడ్‌ను పక్కకు తిప్పి పోర్టుల్లో కిరోసిన్ పోసి పది నిమిషాలు వదిలేయాలి. దహన గది వైపు వాల్వు అంచు చుట్టూ తడి ఉంగరం కనిపిస్తే ఆ వాల్వును విప్పి మళ్లీ రుద్దాల్సిందే.